ఆగ్‌బీ రన్‌వే మీద దొంగ పేరు

మొన్న ఆదివారం, ఇక్కడ ఐర్లండులోనే అవతలి శివారు క్లోనీ నుంచి రమేష్ గారు వచ్చారు. ఈమధ్య ఆయన మనుషుల్ని చూడ్డానికి రావడం మానేసి, మనుషులకి ఫోన్ చూపించడానికి వస్తున్నారు. కాఫీ చేతికివ్వగానే "గిది చూడు నూకరాజూ, నువ్వు గుర్తువడతవ్" అంటూ తెర తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు. గాల్లోంచి తీసిన వీడియో. ఇంగ్లండులో పచ్చటి చేల మధ్య, విరిగిపోయిన ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా మూడు కాంక్రీటు చారలు. పక్కన గుడారాలు, టీ బల్లలు. పాతకాలపు జుట్టుముడులు చుట్టుకుని ఎర్రగా పెదాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, ఏనాడూ గాల్లోకి లేవని తోలు కోట్లలోకి పొట్టల్ని కుక్కుకున్న మగవాళ్ళు. అందరూ యుద్ధం నిన్ననే గెలిచొచ్చినట్టు నవ్వుతున్నారు. చివర్లో ఒక నల్లరాతి పలక, దాని మీద పేర్లు. అన్నిటికంటే కింద జోసెఫ్ గావిన్. పక్కన కొత్తగా చెక్కించిన మాట: 'వీరుడు'.

నాకు కాఫీ పొలమారింది.

"ఎందుకు నవ్వుతున్నవ్? ఆ పేరు రాయిమీదికెక్కాలని లెటర్లు రాసింది నేనే గదా. మర్చిపోయినవా?"

"మర్చిపోలేదండీ. మీ లెటర్ల వల్ల ఎక్కలేదన్న సంగతి కూడా మర్చిపోలేదు."

రమేష్ గారు ఫోన్ జేబులో పెట్టేసుకుని వాతావరణం గురించి మాట్లాడారు. ఆయన వెళ్ళాక కప్పు కడుగుతూ అదే ఆలోచించాను. ఒకప్పుడు నాకు గది అద్దెకిచ్చిన ముసలి మ్యాట్ టియర్నీ బతికుండి ఆ మాట చూస్తే ఏం చేసేవాడు? ఉమ్మేసేవాడు. రాయి మీద కాదు, చెక్కించినవాడి బూటు మీద.

నేను ఐర్లండు వచ్చిన రోజుల్లో ఈ దేశానికి సిరి పట్టింది. పేపర్లు దానికి 'కెల్టిక్ టైగర్' అని పేరు పెట్టి మురిసిపోయేవి. పులి అంటే నాకు తెలిసింది దసరాకి ఒళ్ళంతా పసుపూ నల్లచారలూ పూసుకుని డప్పు దెబ్బకి గంతులేసే పులివేషం. ఇదీ అదే. రంగు వెలిసేదాకా గంతులే గంతులు. ఆవులు మేసే చోటల్లా ఇళ్ళు లేచేవి. ఆ ఇళ్ళకి పేరు పెట్టడానికి ఆవుల పేర్లు చాలక ఇంగ్లీషు దొరల తోటల పేర్లు తెచ్చేవారు. పైకప్పు పడకముందే మొగుడూ పెళ్ళాలు వచ్చి, మట్టిలో నిలబడి, లేని కిటికీలోంచి లేని తోట చూసి పరవశించేవారు. నేను ఏడో తరగతిలో బడి మానేసి తాడేపల్లిగూడెంలో సెంట్రింగ్ పనిలో చేరినవాణ్ణి. అక్కణ్ణించి దుబాయ్, దుబాయ్ నుంచి ఒక ఐరిష్ కాంట్రాక్టరు చేతిలో పర్మిట్టు కాగితంతో ఇక్కడి క్లాండాల్కిన్ ఊరికి. నూకరాజు అనడానికి ఇక్కడివాళ్ళ నాలుక తిరక్క మొదటి రోజే 'న్యూక్' చేసేశారు. న్యూక్ అంటే అణుబాంబని తర్వాత తెలిసింది. పోనీలే, ఊళ్ళో నన్ను అంతకంటే చిన్న పేర్లతోనే పిలిచేవారు.

అద్దెకి దొరికిన గది ఆ మ్యాట్ టియర్నీ ఇంట్లో. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. మేయో జిల్లా నుంచి కుర్రతనంలో ఇంగ్లండు వెళ్ళి, జీవితమంతా కాంక్రీటు పోసి, తిరిగొచ్చి, భార్య పోయాక ఒక్కడూ ఆ ఇంట్లో మిగిలాడు. పొద్దున్నే ఆ ఇంట్లో బొగ్గు ఇటుకల పొగ, ఉడికీ ఉడికీ ప్రాణం పోయిన క్యాబేజీ వాసన, నల్లగా చిక్కబడ్డ టీ వాసన ఒకదాన్నొకటి తోసుకునేవి. నేను శనివారం ఎండుచేపలు వేయిస్తే ముసలాయన ఒక్క మాట అనకుండా కిటికీలన్నీ తెరిచి, కోటు వేసుకుని, వీధిలో నిలబడేవాడు. నేను ఆయన క్యాబేజీకి అదే మర్యాద చేసేవాణ్ణి. అలా ఒకరినొకరం వీధిలోకి తరుముకుంటూ బాగా దగ్గరయ్యాం.

మొదటిరోజు టీ పెట్టుకోమని, "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి" అన్నాడు. మనకి ప్రెస్సంటే రెండే: పేపరాఫీసు, లేదా బట్టల ఇస్త్రీ. పేపరాఫీసులో కప్పులుండవు కాబట్టి ఇస్త్రీ బల్ల వెతికాను. అది దొరక్క అడిగితే "తువ్వాళ్ళు కావాలా? అవి హాట్ ప్రెస్‌లో ఉంటాయి" అన్నాడు. సరే ఇస్త్రీపెట్టె అని ఖాయమైపోయింది. ఇల్లంతా వెతుకుతుంటే ముసలాయన గుమ్మానికి చేరబడి సినిమా చూసినట్టు చూశాడు. చివరికి వచ్చి వంటింటి గోడ బీరువా తలుపు తీసి చూపించాడు. ఐర్లండులో బీరువాని ప్రెస్ అంటారు. వేణ్ణీళ్ళ పీపా ఉండే వెచ్చటి బీరువా హాట్ ప్రెస్. ఆ తర్వాత నేనంత గర్వంగా నేర్చుకున్న ఇంగ్లీషు మాట ఇంకోటి లేదు. అవసరం ఉన్నా లేకపోయినా వాడేవాణ్ణి.

మ్యాట్‌కి రెండు అలవాట్లు. పొద్దున పేపరు రాగానే ముందు చావుల కాలమ్ తీసి, పేర్లన్నీ పైకి చదివేవాడు. తెలిసినవాడైతే "దేవుడు క్షమించుగాక", తెలియనివాడైతే "పేరు మంచిదే" అనేవాడు. సాయంత్రం నేను బూట్లు విప్పకముందే ఒక ప్రశ్న: "ఇవాళ పోసినదానికి నీళ్ళు కొట్టారా?" స్లాబు పోశాక తడి గోనెలు కప్పి రోజుల తరబడి నీళ్ళు కొట్టాలన్నది మా తాడేపల్లిగూడెంలో ముఠా మేస్త్రీ నెత్తిమీద మొట్టి నేర్పిన పాఠం. ఇక్కడి సైట్లో ఫోర్‌మన్‌కి ఆ తీరిక లేదు. "వాన పడుతుందిగా, గ్రాండ్" అనేవాడు. మన దగ్గర గ్రాండ్ అంటే పెళ్ళికి లైటింగు. ఇక్కడ 'ఎలాగో ఒకలా అయిపోయింది, వదిలెయ్' అని. ఈ దేశంలో ఆ పదేళ్ళలో కట్టిన సగం ఇళ్ళు ఆ రెండో అర్థంలో గ్రాండే.

"ఆగ్‌బీలో మేం పోసింది చూడాల్సింది నువ్వు" అన్నాడొకసారి. "గోనెలు, గడ్డి, నీళ్ళు. వారం రోజులు పసిపిల్లకి పోసినట్టు పోశాం. మీద బాంబర్లు దిగాయి."

ఆగ్‌బీ లింకన్‌షైర్‌లో ఒక పల్లె. పేరు వింటే ఎవరో మనల్ని 'ఆగు' అని కసురుకున్నట్టుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా బార్లీ, బీటుదుంపలు తప్ప దానికేమీ తెలియదు. ఒకరోజు ప్రభుత్వం వచ్చి రైతుల్ని లేవమంది. కంచెలు పీకి, గుంటలు పూడ్చి, అడ్డొచ్చిన ఇళ్ళూ గాదెలూ పడగొట్టి, నేలని నుదురులా చదును చేశారు. దాని మీద మూడు రన్‌వేలు పోయాలి, అదీ వెంటనే. ఇంగ్లీషు కుర్రాళ్ళు సైన్యంలో ఉన్నారు. ఐర్లండేమో ఈ యుద్ధం మాది కాదని చేతులు కట్టుకు కూర్చుంది. కాని ఐర్లండులో పని లేదు. అందుకని యుద్ధానికి రానన్న దేశపు కుర్రాళ్ళు ఆ యుద్ధానికి నేల పోయడానికి పడవలెక్కి పోయారు. పదిహేడేళ్ళ మ్యాట్, వాళ్ళ పక్కింటి జో గావిన్ కూడా. సగానికి కోసిన పీపాల్లాంటి రేకు గుడిసెల్లో పడుకునేవారు. రన్‌వే ఆరిందో లేదో నాలుగింజన్ల బాంబర్లొచ్చాయి. సాయంత్రం లేచి వెళ్ళినవాటిలో కొన్ని పొద్దుటికి తిరిగొచ్చేవి కావు. యుద్ధం అయిపోయాక విమానాలుంచే హాంగర్లలో ధాన్యం పోశారు, రన్‌వే మీద టర్కీ కోళ్ళ షెడ్లు వేశారు, డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు గుద్దుకున్నారు.

అది విని నేను నవ్వాను. "మా ఊళ్ళోనూ ఉంది ఇలాంటిది. యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు వేసిన రన్‌వే. మా అమ్మ దానిమీద ధాన్యం ఆరబోసేది. నేను స్కూటరు, కారు నేర్చుకుంది అక్కడే."

"మీది ఎవరు పోశారు?" అన్నాడు మ్యాట్.

"చెప్పాగా, ఇంగ్లీషువాళ్ళు."

"తలకాయ. పోసింది ఎవరని అడిగాను."

నాకు తెలియదు. దానిమీద పొర్లి పెరిగిన నాకు, ఆ కంకర ఎవరి నెత్తిమీద తట్టల్లో వచ్చిందో తెలియదు. మా నాయనమ్మ ఈడువాళ్ళే మోసుంటారు. బతికుండగా ఒక్కరోజు అడగలేదు.

ఆగ్‌బీలో డాసన్ అనే రిటైరైన పెద్దమనిషి ఒక చరిత్ర సంఘం పెట్టి, కంట్రోల్ టవర్‌ని మ్యూజియం చేసి, చనిపోయిన వైమానికుల పేర్లతో ఒక రాతి పలక పెట్టబోతున్నాడని ఎవరో పాత స్నేహితుడి ద్వారా మ్యాట్‌కి తెలిసింది. డాసన్ రాసిన పుస్తకం తెప్పించుకున్నాం. ఏ విమానం ముక్కు మీద ఏ బొమ్మ వేశారో, ఏ పైలట్ ఏ గదిలో ఎవరికి ఉత్తరం రాశాడో, మెస్సులో గుడ్లు ఎలా వండేవారో అన్నీ ఉన్నాయి. ఆ విమానాలు లేచిన నేల గురించి మాత్రం ఒక్క వాక్యం: 'రన్‌వేలు వేయబడ్డాయి.' ఏడో తరగతిలో మా తెలుగు మాస్టారు కర్మణి ప్రయోగం చెబుతుంటే నేను నిద్రపోయాను. అది ఎందుకు పనికొస్తుందో క్లాండాల్కిన్ వంటింట్లో తెలిసింది. పని చేసినవాణ్ణి వాక్యంలోంచి మెడపట్టి గెంటెయ్యడానికి.

"జో పేరు ఆ రాయిమీద ఉండాలి. వాడు అక్కడే పోయాడు" అన్నాడు మ్యాట్.

పొగమంచు పొద్దున, జో వంగి గోనెల మీద నీళ్ళు కొడుతుంటే కంకర లారీ వెనక్కొచ్చింది. కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడులో వినపడలేదు. అంతే. మ్యాట్ చెయ్యి వణుకుతుంది, నాకు ఇంగ్లీషు రాయడం రాదు, కాబట్టి క్లోనీలో సాఫ్ట్‌వేర్ చేసే రమేష్ గారిని పట్టుకున్నాను. అప్పటికి ఆయన దేశానికి కొత్త, కాస్త దయ ఉండేది. ఉత్తరాలైతే రాశారు. 'విత్ డ్యూ రెస్పెక్ట్' అని మొదలెట్టి, 'తమరు దయతో చేయవలసినది చేయగలరు' అని ముగించే, గూడెం తాలూకాఫీసులో పుట్టిన ఇంగ్లీషు. డాసన్ జవాబు నాలుగు వాక్యాలు. మా రికార్డుల్లో గావిన్ అనే మనిషి లేడు. పనివాళ్ళలో లారీ కింద పడి చనిపోయింది ఒక్కడే, మర్ఫీ అనే అతను. చర్చి రిజిస్టరు కూడా అదే చెబుతుంది. ఆధారం ఉంటే పంపండి, లేకపోతే శుభాకాంక్షలు.

"మర్ఫీ ఎవడు భాయ్?" అన్నారు రమేష్ గారు.

మ్యాట్ కెటిల్ తీసుకెళ్ళి నీళ్ళు పట్టాడు. అది అప్పటికే నిండుంది. "జోనే మర్ఫీ. అప్పట్లో అందరం దొంగ పేర్లతోనే పనిచేశాం. ఇంకొకడి పని కార్డు మీద. సొంతపేరైతే పన్నులు, సైన్యంలోకి పిలుపులు, నానా గొడవ. జో సొంత ప్రయాణ పర్మిట్టు నా దగ్గరుంది. ఫొటో, పేరు, ఊరు, అన్నీ."

దాని సంగతి రాశాం. జవాబు లేదు. మళ్ళీ రాశాం. 'పరిశీలనలో ఉంది' అని ఒక కార్డు. పరిశీలనలో ఉన్న ఫైలు అంటే ఏంటో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం మ్యాట్ చర్చికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. డాసన్. చాలా మర్యాదైన గొంతు, పురుగుమందు డబ్బా మీద రాతల్లా స్పష్టంగా మాట్లాడాడు. మిస్టర్ టియర్నీ చెప్పిన ఆ పర్మిట్టు అసలు ఉందా, ఉంటే ఎక్కడుంది అని.

"ఉంది సార్. ప్రెస్‌లో ఉంది" అన్నాను, నా ఐరిష్ ఇంగ్లీషు చూసి నేనే మురుస్తూ.

"ప్రెస్‌లోనా? అప్పుడేనా?"

"ఎప్పట్నుంచో సార్."

"ఫొటోతో సహా?"

"ఫొటోతో సహా. ఇక్కడ అందరూ చూశారు."

"ఏ ప్రెస్?"

"పెద్ద ప్రెస్ సార్. హాట్ ప్రెస్‌లో మాత్రం ఇంకా పెట్టలేదు."

"దయచేసి పెట్టకండి" అన్నాడు డాసన్. గొంతు మారిపోయింది. "మిస్టర్ టియర్నీకి చెప్పండి. తొందరపడొద్దని చెప్పండి. మేం వెంటనే రాస్తాం."

నాలుగు రోజుల్లో రాశాడు. జోసెఫ్ గావిన్ పేరు పలక మీద చేర్చబడుతుంది. ఆవిష్కరణకి మిస్టర్ టియర్నీ ముఖ్య అతిథిగా వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలి. ఉత్తరాలన్నీ నీళ్ళపాలయ్యాయనుకున్నవాళ్ళం, ఈ దయ ఎక్కణ్ణించి ఊడిపడిందో అర్థం కాలేదు. నేను ఫోన్ సంగతి చెప్పాక రమేష్ గారు నెత్తి కొట్టుకున్నారు. "అరే నూకరాజూ! ఇంగ్లండ్ల ప్రెస్సంటే పేపర్లోళ్ళు. ఐరిష్ పేపర్ల పడ్డదనుకున్నడు ఆయన. పెద్ద పేపర్ల పడ్డదట, హాట్ న్యూస్ ఇంకా కాలేదట!" మ్యాట్ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నాకు మాత్రం చాలా సేపటిదాకా నోట్లో చేదుగా ఉంది. చచ్చిపోయినవాడి మొహం, పేరు ఉన్న కాగితం ఉందంటే కదలని పెద్దమనుషులు, అది పేపర్లో పడిందంటే కదిలారు. ఇది మన తాలూకాఫీసు జబ్బు అనుకునేవాణ్ణి. కాదు, ప్రపంచమంతా ఉంది. మనవాళ్ళకి కనీసం దాచుకోవడం రాదు.

ఆ సాయంత్రం మ్యాట్ టీ కప్పు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. "నేను వెళ్ళాలి. వెళ్ళి ఒక సంగతి చెప్పాలి. జో పోయినప్పుడు పోలీసు వచ్చి వీడి పేరేంటని నన్నే అడిగాడు. నేను మర్ఫీ అన్నాను. నిజం చెబితే నా కార్డు కూడా చూస్తారు, పని పోతుంది, ఇంటికి తోలేస్తారు. అందుకని. ఆ పేరుతోనే పూడ్చారు. మీద కర్ర శిలువ. రెండేళ్ళకి అదీ పుచ్చిపోయింది. ఊరెళ్తే వాళ్ళమ్మ అడిగింది, నా బిడ్డకి రాయి ఉందా, దానిమీద పేరుందా అని. ఉందన్నాను. ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ ఉందన్నాను. ఆవిడ పోయేదాకా." కప్పు పక్కకి తోసి, "రాయిమీద పేరెక్కితే చాలదు న్యూక్. అది నేనే పోగొట్టానని అక్కడ నిలబడి చెప్పాలి" అన్నాడు.

నాకు ఇంగ్లండు వీసా డాసన్ ఉత్తరం చూపించి సంపాదించాం. అవతలి ఒడ్డున హోలీహెడ్ దాకా ఓడలో, అక్కణ్ణించి మ్యాట్ పాత కారులో, నేను నడుపుతూ. బయల్దేరిన దగ్గర్నుంచి ఆయన చెప్పాల్సింది లోపల్లోపల చదువుకుంటూ కూర్చున్నాడు. ఆగ్‌బీ చేరేసరికి అచ్చం మొన్న రమేష్ గారి ఫోన్‌లో చూసిందే. అవే గుడారాలు, అవే జుట్టుముడులు. యుద్ధాన్ని వీళ్ళు అద్దెకి తెచ్చుకున్న బట్టల్లా వేసుకుని, మరకలు పడకుండా జాగ్రత్తగా తిరుగుతున్నారు. డాసన్ ఎదురొచ్చాడు. పక్కలకి చూసి, గొంతు తగ్గించి, "ప్రెస్ కూడా వస్తోందా?" అన్నాడు.

"రాలేదు సార్. చాలా బరువు. వంటింట్లో గోడకి కొట్టేసి ఉంది" అన్నాను. ఆయన అర్థమైనట్టు తల ఊపాడు. ఇంగ్లీషువాళ్ళలో నాకు నచ్చేది అదొక్కటే.

మ్యాట్ ముందు రన్‌వే చూపించమన్నాడు. మిగిలింది తక్కువే, అంచుల వెంట గడ్డి పట్టిన ముక్క. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తట్టాను. అరవై ఏళ్ళు బాంబర్లు, టర్కీ కోళ్ళు, మంచు. అయినా మేము క్లాండాల్కిన్‌లో పోసిన పోయిన నెలటి నేల కంటే గట్టిగా ఉంది. గడికీ గడికీ మధ్య తారు ఇంకా పట్టే ఉంది. మిగతాది ఏమైందని మ్యాట్ అడిగితే, "పగలగొట్టి పిండి చేసి బైపాస్ రోడ్డు కింద వేశారు. మీరు వచ్చింది దానిమీదే" అన్నాడు డాసన్ గర్వంగా, రీసైక్లింగ్ చేసినట్టు. మ్యాట్ నా వైపు తిరిగి, "జో మీంచే వచ్చామన్నమాట" అన్నాడు.

పాదిరీ గారు పేర్లు చదివారు. చాలా పేర్లు. వాటిలో ఇరవై నిండనివాళ్ళెందరో. చివర్న జోసెఫ్ గావిన్ అన్నారు. ఆ తర్వాత మైకు మ్యాట్ చేతికిచ్చారు.

"జో వీరుడేం కాదు" అన్నాడు. "వాడికి లారీలంటే భయం. ఆ భయమే నిజమైంది. మీ పుస్తకంలో వాడి పేరు లేకపోవడం మీ తప్పు కాదు. నాది. పోలీసు అడిగితే నేనే దొంగ పేరు చెప్పాను. నా పని పోతుందని. వాడి తల్లికి రాయి ఉందని అబద్ధం చెప్పాను, చాలాసార్లు. ఇది చెప్పడానికే వచ్చాను." అని మైకు తిరిగిచ్చేశాడు.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు మర్యాదగా, తర్వాత గట్టిగా. తోలు కోటాయన ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. ముడి చుట్టుకున్న ఒకావిడ వచ్చి మ్యాట్ చెయ్యి పట్టుకుని, ఎంత హృదయాన్ని కదిలించారండీ అని, పళ్ళెంలో కేకు ముక్క పెట్టింది. డాసన్, "అద్భుతం. దీన్ని మా పత్రికలో వేసుకోవచ్చా?" అన్నాడు. మ్యాట్ ఆ కేకు వంక, దాని మీద క్రీము వంక చూస్తూ నిలబడ్డాడు, అదేదో కొత్త రకం సిమెంటైనట్టు.

మ్యాట్ ఇంట్లో ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లో నన్ను తిట్టని రోజు లేదు. బూట్లు తుడవలేదని, టీ నీళ్ళలా పెట్టానని, స్లాబుకి నీళ్ళు కొట్టకుండా వచ్చానని. నేనూ తిట్టేవాణ్ణి. ఇప్పుడు నా ఇల్లు శుభ్రంగా ఉంది, క్యాబేజీ వాసన లేదు, ఎండుచేపలు వేయిస్తే పొగ లాగేసే మిషనుంది. రమేష్ గారి పిల్లలు వచ్చి ఐరిష్ యాసలో "యూ ఆర్ గ్రాండ్, అంకుల్" అంటారు. నేనేం చేసినా గ్రాండే. తప్పు చేస్తే "నో బాదర్" అని, ఫరవాలేదంటారు. పులివేషం రంగు వెలిసి, దేశం కూలి, మళ్ళీ లేచి, క్లోనీలో డేటా సెంటర్లు కట్టి కంప్యూటర్లకి మా ఇళ్ళకంటే గట్టి నేల పోశారు. ఆ పలక మీద 'వీరుడు' అని చెక్కించిన మహానుభావుడెవరో గాని, మ్యాట్ ఆ రోజు మైకులో చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా వినలేదు. లేదా విన్నాడు, విని గ్రాండ్ అనుకున్నాడు. తప్పుని తప్పు అనే ఓపిక జనంలో ఎండిపోయింది. మెచ్చుకోవడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తున్నారు.

ఆ రోజు ఆగ్‌బీ నుంచి తిరిగొస్తూ, బైపాస్ దాటాక మ్యాట్ అడిగాడు. "చప్పట్లెందుకు కొట్టారు న్యూక్?"

"బాగా మాట్లాడారని."

"నేను మాట్లాడలేదు. తప్పు చెప్పుకున్నాను." కిటికీలోంచి బీటు చేలు వెనక్కి పోతున్నాయి. "ఫాదర్‌కి చెబితే మూడు ప్రార్థనలు చదువుకో, మనసు తేలికవుతుందన్నాడు. నా భార్యకి చెబితే కుర్రాడివి, ఏం చేస్తావులే అంది. వీళ్ళు కేకు పెట్టారు. ఒక్కడు, కనీసం ఒక్కడు, ఎంత పని చేశావురా అంటాడేమోనని వచ్చాను. వాళ్ళమ్మ అయితే అనేది."

నేను కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఇంజను కట్టేశాను. నాకున్న ఇంగ్లీషులో ఆ పని చెయ్యలేను. ఇంగ్లీషులో నాకు కప్పులు, తువ్వాళ్ళు, కాంక్రీటు మాత్రమే వచ్చు. ఎప్పుడూ మనసులో మీరు అనుకునే మనిషిని, తెలుగులో, ఇంట్లో తాతని అన్నట్టే అన్నాను.

"సిగ్గు లేదూ నీకు? తోడొచ్చినవాడు కళ్ళముందు పోతే, వాడి పేరు చెప్పడానికి నోరు రాలేదా? తల్లి రాయి ఉందా అనడిగితే, ఉందని ఎలా చెప్పావు ముసలాడా? ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతిసారీనా? పని పోతే పోయేది. మీ ఊరెళ్ళి బంగాళాదుంపలు తవ్వుకునేవాడివి. వాడికి పేరైనా మిగిలేది. ఛీ."

లారీలు పక్కనుంచి పోతుంటే కారు ఊగుతోంది. మ్యాట్ ముందుకే చూస్తున్నాడు.

"దానర్థం ఏంటి?"

"మీరు తప్పు చేశారని."

"పెద్ద తప్పా?"

"పెద్దదే."

తల ఊపాడు. చాలాసేపు ఊపాడు.

"ఇంకోసారి అను. మీ భాషలోనే."

అన్నాను, ఈసారి నెమ్మదిగా. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నాడు.